సీటు మారింది, ఇంజన్ ఆగలేదు

మా కాలనీలో నన్ను కంప్యూటర్ల శంకరన్న అంటారు. నేను చేసిన ఉద్యోగం ఏమిటో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు తీసేవాడినని కొందరు, జీతం చీటీలు కొట్టేవాడినని కొందరు అనుకుంటారు. ఏరియా ఆఫీసులో పెద్దసార్లకు కూడా అంతకంటే ఎక్కువ తెలిసినట్టు నాకెప్పుడూ కనిపించలేదు. నేను రిటైరైన రోజు సభలో నా గురించి నాలుగు మాటలు చెప్పమంటే ఒక పెద్దాయన "ఈయన కంప్యూటర్లు చక్కగా నడిపాడు" అని ఒక్క మాట చెప్పి, సమోసా ప్లేటు దగ్గరికి జరుపుకున్నాడు. ఆ మాటా గుర్తుంది, ఆ ప్లేటూ గుర్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. గోదావరిఖనిలో గానీ, మరో బొగ్గుబాయి ఊళ్లో గానీ సిస్టమ్స్ విభాగంలో కొత్తగా చేరేవాళ్లు చదివితే చాలు. ట్రెయినింగ్‌లో మీకు మీటలన్నీ నేర్పుతారు. ఏ మీట నొక్కే ముందు ఆగాలో నేర్పరు.

మొదట ఒక మాట అర్థం చేసుకోండి. ఒక మనిషి తన పేరు, పాస్‌వర్డ్ కొట్టి పెద్ద కంప్యూటర్‌లోకి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా ఆ పేరు మీద జరిగే పనంతటినీ కలిపి మేము 'జాబ్' అనేవాళ్లం. ప్రతి జాబ్‌కూ లోపల సొంతంగా ఒక మూల ఉంటుంది. ఆ మనిషి చేస్తున్న పని తాలూకు చిత్తుప్రతి అందులో ఉంటుంది. పక్క సీటులో ఉన్నవాళ్లకు కూడా అది కనిపించదు. మనిషి బయటికి రాగానే చీపురుతో ఊడ్చినట్టు ఆ మూల ఖాళీ అయిపోతుంది. ఎవరి పనైనా చిక్కుపడితే ఆ మూలలోకి చూసే అధికారం మాకు ఇచ్చారు. నా ఉద్యోగమంతా అదే. ఇతరులు సగం చేసి ఆపిన పనిలోకి తొంగిచూడటం.

అధికారం రిపేరు కోసం

సగం చేసిన పనిలో మనిషి చాలా కనిపిస్తాడు. స్టోర్స్‌లో ఒక గుమాస్తా ప్రతివారం బదిలీ కోరుతూ దరఖాస్తు టైపు చేసేవాడు, పంపకుండానే తుడిచేసేవాడు. నేను వేరే తప్పు వెతుకుతూ ఉంటే అది నా కంటపడింది. తల్లికి బాగాలేదని రాసేవాడు. నేను ఆయనను ఏమీ అడగలేదు. ఆయన బావమరిది మా పక్కింట్లోనే ఉండేవాడు, అతనికీ చెప్పలేదు. కనబడినదంతా చెప్పడానికి మనకు జీతం ఇవ్వరు.

ఇది అందరూ ఒప్పుకోరు. మా ఏరియాలో ఒక పర్సనెల్ మేనేజర్ ఉండేవారు. పేరు రాయను. ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది. ఒకరోజు నన్ను పిలిచి, యూనియన్‌లో తిరిగే ఒక క్లర్క్ పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం కొడుతున్నాడో లోపలికి చూసి చెప్పమన్నారు.

"ఆయన పని ఏమైనా ఆగిందా సార్?" అన్నాను.

"ఆగలేదు. నీకు అధికారం ఉంది కదా, చూడు."

"ఉంది సార్. రిపేరు కోసం ఇచ్చారు. ఆగితే చూస్తాను."

ఆ వారమే నా చేతుల కుర్చీని విజిటర్ల గదిలోకి తీసుకుపోయారు. బదులు ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. కుర్చీ కోసం అర్జీ పెట్టాను. మళ్లీ పెట్టాను. జవాబు రాలేదు. ఆయన ఆ సీట్లో ఉన్నంతకాలం నేను ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను. ఇంటి నుంచి దిండు తెచ్చుకొమ్మని కొందరు సలహా ఇచ్చారు. తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే సమస్య తీరినట్టు లెక్క వేస్తారు.

సునంద, ఓదెలు

కమాన్‌పూర్ వైపు, పైనుంచే తవ్వే ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో సునంద టైమ్ ఆఫీసు క్లర్క్. ఏ షిఫ్టుకు ఎవరు వచ్చారు, ఎవరిని ఏ యంత్రం మీదికి పంపాలి అన్నది కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె పని. వాళ్ల నాయన భూగర్భ బాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కూతురికి వచ్చింది. కంపెనీ క్వార్టర్‌లో తండ్రీ కూతురూ ఉండేవారు. ఉద్యోగం పోతే ఇల్లు కూడా ఖాళీ చేయాలి. దగ్గుతున్న ముసలాయనను తీసుకుని ఎక్కడికి పోవాలన్నది తర్వాతి ప్రశ్న.

అదే గనిలో ఓదెలు డంపర్ ఆపరేటర్. మట్టి, బొగ్గు మోసే ఆ బండి ఇల్లంత ఉంటుంది. గుంతలో పడి లేచిన ప్రతిసారీ ఆ దెబ్బ నడుములోకి వస్తుంది. ఓదెలు నడుములో పూస జరిగింది. ఆయనను డంపర్ ఎక్కించవద్దని, లైట్ డ్యూటీ ఇవ్వాలని మెడికల్ బోర్డు ఆర్డర్ ఇచ్చింది. ఏరియా ఆఫీసు వాళ్లు ఒక మధ్యాహ్నం దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించారు. మర్నాడు చూస్తే ఓదెలు పేరు మళ్లీ డంపర్ మీదే ఉంది. మళ్లీ మార్చారు. మళ్లీ డంపరే. "కంప్యూటర్‌ల నీ పేరు డంపర్ మీదనే ఉన్నది, ఎక్కు" అన్నాడట షిఫ్టు ఇన్‌చార్జి. ఓదెలు ఎక్కాడు. షిఫ్టు అయ్యాక ఇద్దరు మనుషులు పట్టుకుని దించారు.

ఎవరు మారుస్తున్నారని రికార్డు తీస్తే ప్రతిసారీ ఒకటే పేరు. సునంద. వేళ రెండో షిఫ్టు. ఆమె చేసేదేమో మొదటి షిఫ్టు.

పైగా ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. నల్లా దగ్గర పైపు పెట్టే విషయంలో ఎండాకాలం నుంచీ రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. ఆఫీసులో అందరికీ ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. ఆ పర్సనెల్ మేనేజరే ఇద్దరినీ పిలిపించి అడిగినప్పుడు రికార్డు చూపించడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"నల్లా పైపు కాడి పగకు నా నడుం ఇరగ్గొడుతదా సార్? నిలబడి చూడు నన్ను, కొడవలి లెక్క వంగిన," అన్నాడు ఓదెలు.

"నేనెందుకు మారుస్త? ఆ యాల్లకు నేను ఇంట్ల ఉన్న. నాయనకు గంజి పోస్తున్న. నా పేరు ఎట్లొచ్చిందో నాకేం ఎర్క?" అంది సునంద.

"నీకు లేకుంటే మరి కంప్యూటర్‌కున్నదా నా మీద పగ?"

సునందే ఎవరితోనో చేయించి ఉంటుందని మేనేజర్ తేల్చేశారు. సస్పెన్షన్ ఆర్డర్ టైపు చేయించి బల్ల మీద పెట్టుకున్నారు. సంతకం ఒక్కటే మిగిలింది.

చంపేయ్

ఆ మర్నాడు మధ్యాహ్నం, రెండో షిఫ్టు ఎక్కే వేళకు, ఎవరిని ఏ యంత్రం మీదికి పంపాలో ఎక్కించే పోస్టింగ్ ప్రోగ్రాం ఏరియా మొత్తంలో నిలిచిపోయింది. గనుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను చూశాను. సునంద గనికి వెళ్లే కంప్యూటర్ లైను సరిగ్గా సేవ్ చేస్తున్నప్పుడే తెగింది. ఆమె జాబ్ మధ్యలో ఇరుక్కుని పోస్టింగ్‌ను పట్టుకుని ఉంది. మిగతా గనుల జాబ్‌లన్నీ దాని వెనక వరసగా నిలబడి ఉన్నాయి.

మేనేజర్ స్వయంగా నా గదిలోకి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"ఏమిటయ్యా, ఎవరిది ఆగింది?"

"సునంద జాబ్ సార్."

"మళ్లీ ఆవిడేనా. చంపేయ్."

ఆగిన జాబ్‌ను బలవంతంగా ముగించడాన్ని మేము అలాగే అంటాం. నిమిషం పట్టని పని. అందరూ చేసేదీ అదే.

"కొంచెం ఆగాలి సార్. ఇది బతికుండగానే లోపల చూడాలి. చంపితే చిత్తుప్రతి మొత్తం పోతుంది. ఓదెలు సంగతి తెలిస్తే అక్కడే తెలియాలి."

"అప్పుడు చూడమంటే చూడనన్నావు. ఇప్పుడు చంపమంటే చూస్తానంటున్నావు. నీకు చెప్పిన పని చేయడం రాదా?"

"అప్పుడు ఏదీ ఆగలేదు సార్. ఇప్పుడు ఆగింది."

ఫోన్ మోగింది. వేరే గని టైమ్ ఆఫీసు నుంచి. "శంకరన్నా, ఈడ మనుషులు నిలబడి తిడుతున్నరు. జల్ది కానియ్యరాదే."

"కాగితం మీద రాసి పంపు. పాత రోజుల్ల గట్లనే పంపలేదా? వెనక ఎక్కిద్దాం," అన్నాను.

మేనేజర్ నా ప్లాస్టిక్ కుర్చీ వెనకే నిలబడ్డారు. నేను సునంద గనికి ఫోన్ చేశాను. ఆమె ఇంకా అక్కడే ఉంది.

"సునందా, నీ జాబ్ లోపల చూడాలె. చూడనా?"

"నన్నడుగుతున్నవేందన్నా? నీకు అధికారమే ఉన్నదట గదా."

"ఉన్నది. అయినా నీ పని గదా. అడుగుతున్న."

"చూడన్నా. ఈ లొల్లి మొదలైనంక అందరు నాకు చెప్పుడే గని, నన్ను అడిగినోళ్లు లేరు."

చూశాను. చిత్తుప్రతిలో ఓదెలు వరస తీశాను. డంపర్ అని ఉంది.

మేనేజర్ భుజం మీదుగా చూస్తున్నారు. "కనిపించిందా? ఆవిడ మూలలోనే ఉంది. ఇంకేం కావాలి నీకు?"

ఆమెను కాపాడాలని చూస్తే ఆమె మీదికే సాక్ష్యం దొరికింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వెతికిన పేరు దొరికింది కాబట్టి కళ్లు మూసుకుంటారు. నేను మొండివాణ్ని. అందరూ ఆ మాట తిట్టుగానే అన్నారు, ఆ రోజు మాత్రం అది పనికొచ్చింది. ఇంకో మీట నొక్కి ఆ జాబ్ ఎప్పుడు మొదలైందో చూశాను.

మెడికల్ బోర్డు ఆర్డర్ రాకముందు. ఆర్డర్ వచ్చి వారం దాటింది. ఈ జాబ్ అంతకుముందు మొదలై, ఇంకా నడుస్తూనే ఉంది. అందులో ఉన్నది ఎవరూ కొత్తగా టైపు చేసిన డంపర్ కాదు. ఓదెలు నిజంగా డంపర్ మీద ఉన్న రోజుల నాటి పాత చిత్తు.

ఆ చిత్తుకు ఒక నకలు తీసి వేరే చోట భద్రం చేశాను. అప్పుడు చంపాను. వెనక నిలబడ్డ జాబ్‌లన్నీ ఒక్కొక్కటే కదిలాయి.

"ఒక మనిషి ఇన్ని రోజులు లేవకుండా కూర్చుని ఉంటుందా?" అన్నారు మేనేజర్.

"ఉండదు సార్. అదే తెలుసుకోవాలి. రేపటిదాకా ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టకండి."

"నాకు చెప్పడానికి నువ్వెవరు?"

"లోపల చూసినవాణ్ని సార్."

ఆయన సంతకం పెట్టలేదు. అది నా మీద గౌరవంతో అని నేను అనుకోవడం లేదు. నా దగ్గర నకలు ఉందని ఆయనకు తెలుసు.

షిఫ్టు మారే వేళ

మర్నాడు మధ్యాహ్నం స్కూటర్ మీద ఆ గనికి పోయాను. జీపు అడిగితే లేదన్నారు. జీపు షెడ్డులోనే ఉంది, పోతూ చూశాను.

గని అంచున నిలబడితే కింద డంపర్లు షిఫ్టు మార్చుకుంటున్నాయి. ఇంజన్ ఆపరు. పాత ఆపరేటర్ నిచ్చెన దిగుతాడు, కొత్తాయన ఎక్కి అదే వేడి సీట్లో కూర్చుంటాడు, బండి కదులుతుంది. హాట్ సీట్ చేంజ్ అంటారు దాన్ని. ఆపి మళ్లీ మొదలుపెడితే టైమ్ పోతుందని, ఉత్పత్తి తగ్గుతుందని పెట్టిన పద్ధతి. గోడల నిండా దాని గురించి నినాదాలు రాసి ఉంటాయి.

టైమ్ ఆఫీసులోకి వెళ్లి ఒక మూల నిలబడ్డాను. రెండో షిఫ్టు క్లర్క్ రాజేశం టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. సునంద లేచింది. రాజేశం కూర్చున్నాడు. తెర ఎలా ఉన్నదో అలాగే ఉంది. అతను హాజరు ఎక్కించడం మొదలుపెట్టాడు.

"రాజేశం, నీ పేరు కొట్టవా?" అన్నాను.

"ఎందుకన్నా? నడుస్తనే ఉన్నది గదా."

"సునంద పేరు మీద నడుస్తున్నది."

"పేరేదైతేంది? బండి ఒక్కటే గదా." కిటికీలోంచి కింద డంపర్లను చూపించాడు. "సీటు మారాలె గని ఇంజన్ ఆగొద్దని పెద్దసారే మీటింగ్ పెట్టి జెప్పిండు. నైటోళ్లు గూడ గిట్లనే కూసుంటరు."

"అది డంపర్లకురా."

"మాకు వేరే ఎవరు జెప్పలే."

చిక్కుముడి అంతా అక్కడే విడిపోయింది. ఆ ప్రోగ్రాంలోకి రాగానే గనిలో అందరి పోస్టింగ్ ఒక చిత్తుగా ఆ జాబ్ మూలలోకి వస్తుంది. సేవ్ నొక్కితే ఆ చిత్తు మొత్తం వెనక్కి వెళ్లి అసలు దాని మీద పడుతుంది. రోజూ బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్తే కొత్త చిత్తు వస్తుంది. వీళ్లు బయటికే రావడం లేదు. ఏరియా ఆఫీసు మధ్యాహ్నం ఓదెలును మారుస్తుంది. తర్వాత రాజేశం తన హాజరు ఎక్కించి సేవ్ నొక్కుతాడు. ఓదెలు పేరు వంక కూడా చూడడు. పాత చిత్తు వెళ్లి ఓదెలును మళ్లీ డంపర్ ఎక్కిస్తుంది. రికార్డులో సునంద పేరు పడుతుంది.

ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదంటే, ముందు అక్కడ కరెంటు రోజుకోసారైనా పోయేది. తెర ఆరిపోయేది, అందరూ మళ్లీ మొదలుపెట్టేవారు. ఈమధ్యే పెద్ద బ్యాటరీలు పెట్టారు. తెర ఆరిపోవడం ఆగింది, జాబ్ ముగియడమూ ఆగింది.

నేను చెబుతున్నదంతా సునంద బ్యాగు భుజాన వేసుకుని నిలబడి విన్నది.

"అంటే నేను ఇంటికి పోయి నాయనకు గంజి పోస్తుంటే, ఈడ గూడ నేనే పని చేస్తున్ననా అన్నా?"

"అవును."

ఆమె గోడకు ఆనుకుని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. అది చూడటానికి నాకు ఎవరూ అధికారం ఇవ్వలేదు.

సంబంధిత సిబ్బంది

మేనేజర్ గదిలో నేను నకలు ముందు పెట్టి ఇదంతా చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అప్పుడు రాజేశం, ఎవరూ పిలవకుండానే, తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "ఆ యాల్లకు సీట్ల కూసున్నది నేను సార్. సేవ్ నొక్కింది నేనే. అక్కకు సంబంధం లేదు." బయట బెంచీ మీద సగం రోజు కూర్చుని ధైర్యం కూడగట్టుకున్నాడని తర్వాత తెలిసింది. అతనికి భార్య, పిల్లలు ఉన్నారు. ఊరుకుంటే అతని మీదికి ఏమీ వచ్చేది కాదు. నా దృష్టిలో ఆ గదిలో అందరికంటే పెద్ద మనిషి అతనే.

సస్పెన్షన్ ఆర్డర్‌ను మేనేజర్ రెండుగా చింపి బుట్టలో వేశారు. ఆ గని క్లర్కులు ముగ్గురికీ హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. సీటు మారినప్పుడు పేరు కూడా మారాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ హెచ్చరిక న్యాయమే. ఎవరూ చెప్పలేదు. ఆ మాట రాసి పంపాను. దానికీ జవాబు రాలేదు.

ఓదెలుకు నేనే చెప్పాను. "అయితే ఆమె జెయ్యలేదా?"

"చెయ్యలేదు."

"నల్లా పైపు మాత్రం ఆమెనే గుంజింది, సార్."

ఒక సేవ్‌తో చిత్తు మొత్తం వెనక్కి పోకుండా ప్రోగ్రాంను సరిచేశారు. ఆ నెల సమావేశంలో సరిచేసిన బయటి సంస్థ ఇంజనీరుకు శాలువా కప్పారు. మంచి కుర్రాడే, అతని మీద నాకేమీ లేదు. రిపోర్టులో "సంబంధిత సిబ్బంది సహకరించారు" అని రాశారు. ఆ సంబంధిత సిబ్బంది నేను. ఆ రిపోర్టులో ఒక్క చోటైనా నా పేరు ఉండాలని రెండేళ్లు తిరిగాను. లేదు. కొత్తగా చేరేవాళ్లు ఇది కూడా తెలుసుకుని చేరండి. మీరు బాగా చేసిన పని ఎవరికీ కనిపించదు, ఎందుకంటే జరగాల్సిన అన్యాయం జరగకుండా పోతుంది.

మిగతాది క్లుప్తంగా చెబుతాను. చూసే ముందు అడగండి, అధికారం ఉన్నా అడగండి. అక్కరలేనిది కనిపిస్తే మరిచిపోండి. చంపే ముందు చూడండి, పై అధికారి వెనక నిలబడి అరుస్తున్నా సరే. రికార్డులో పేరు కనిపించగానే మనిషి దొరికాడని సంబరపడకండి. ఆ వేళ ఆ కుర్చీలో ఎవరున్నారో వెళ్లి చూసి రండి.

కొంతకాలానికి ఒక ప్రింటర్ పని మీద మళ్లీ ఆ గనికి పోయాను. ఓదెలుకు లైట్ డ్యూటీ ఎక్కడ ఇచ్చారనుకున్నారు? ఆ టైమ్ ఆఫీసులోనే. రెండో షిఫ్టుకు, రాజేశం పక్క సీట్లో హాజరు పని. నడుముకు బెల్టు కట్టుకుని, చిన్నగా నడుస్తూ వచ్చాడు.

"లే అక్కా, నా షిఫ్టు."

"ఆగు, బంద్ జెయ్యనీ." సునంద బయటికి వచ్చింది. తెర మీద పేరు అడిగే ఖాళీ గడి ఒక్కటే మిగిలింది. "ఊఁ, కూసో. నీది నువ్వు కొట్టుకో."

ఓదెలు కూర్చుని, ఒక్క వేలితో తన పేరు వెతుక్కుంటూ కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టే వేళకు సునంద తనంతట తనే కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"నల్లా పంచాయితీ తెగిందా?" అని అడిగాను.

"అది వేరే," అన్నారు ఇద్దరూ.

మర్నాడు పొద్దున నా గదిలో, అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముందురోజు జాబ్‌లు చూశాను. సునంద పేరు మీద ఒకటి, షిఫ్టు ముగిసే వేళకు ముగిసింది. దాని కింద ఓదెలు పేరు మీద ఒకటి, అప్పుడే మొదలైంది. రెండూ శుభ్రంగా ఉన్నాయి. లోపలికి చూడలేదు.